బీరువాకు తాళం, తలుపుకు కోడ్

బడి గ్రంథాలయాల్లో కొత్త దేవుడు వెలిశాడు. నలుపు తెలుపు గళ్ల చతురస్రం ఆయన రూపం, లామినేషన్ కాగితం ఆయన కవచం. గోడకైనా, బీరువా తలుపుకైనా, పుస్తకం అట్టకైనా ఎక్కడ అంటిస్తే అక్కడే కొలువుంటాడు. ఫోను చూపిస్తే చాలు, ప్రత్యక్షమై రెండు నిమిషాల వీడియో ప్రసాదిస్తాడు. దాంతో పిల్లలకు పుస్తకాల మీద ఆసక్తి ఉప్పొంగుతుందని శిక్షణ తరగతుల్లో ప్రవచనం. ఈ క్యూఆర్ కోడ్‌ను 1994లో జపాన్‌లోని డెన్సో వేవ్ సంస్థలో మసహిరో హారా బృందం రూపొందించింది కార్ల విడిభాగాల లెక్క చూసుకోవడానికి. పెట్టె విప్పకుండానే లోపల ఏముందో తేల్చి చెప్పడం దాని పని. ఆ పనిని మన గ్రంథాలయాల్లోనూ అది నిష్ఠగా చేస్తోంది: పుస్తకం విప్పకుండానే అందులో ఏముందో తెలిసిపోతోంది. ఇక విప్పడం దేనికి?

ప్రతి బడిలో గ్రంథాలయం ఉండాలనీ, అందులో పత్రికలు, కథల పుస్తకాలతో సహా అన్ని విషయాల పుస్తకాలూ ఉండాలనీ 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే రాసుకున్నాం. సమగ్ర శిక్ష పథకం కింద బడి స్థాయిని బట్టి ఏటా 5,000 నుంచి 20,000 రూపాయల దాకా గ్రంథాలయ గ్రాంటూ ఉంది. ఆ పుస్తకాలు చాలాచోట్ల హెడ్మాస్టరు గదిలో, బీరువాలో, తాళం వెనక భద్రంగా ఉంటాయి. ఇది పిల్లల మీద కోపం కాదు, స్టాకు రిజిస్టరు మీద భయం. పుస్తకం పోయినా చిరిగినా ఇన్‌చార్జి టీచరు సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఏడాది పొడుగునా ఎవరూ ఒక్క పేజీ తిప్పకపోతే మాత్రం ఎవరూ ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు తాళం వేసుకోవడమే తెలివైన పని. కోడ్ వచ్చాక ఆ తెలివికి ఆధునికత కూడా తోడైంది. కోడ్ చిరగదు, పోదు, ఇంటికి పట్టుకెళ్తానని ఏ పిల్లాడూ పేచీ పెట్టడు. ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడితే ఆ నెల నివేదికా పూర్తవుతుంది.

పిల్లల చేతుల్లో ఎలాగూ ఫోన్లున్నాయి కదా, వాళ్లున్న చోటికే పుస్తకాన్ని తీసుకెళ్తున్నామంటారు. మాట బాగానే ఉంది. పల్లె పిల్లల చదువుల మీద జరిగే అసర్ 2024 సర్వే ప్రకారం పల్లెల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో నూటికి దాదాపు 90 మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోను ఉంది. అది వాడటం వచ్చినవాళ్లలో అంతకు ముందు వారం చదువు కోసం వాడింది 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడింది 76 శాతం. అంటే కోడ్ పుస్తకాన్ని పిల్లాడి దగ్గరికి చేర్చడం లేదు, పిల్లాడినే రీల్స్ గుమ్మం దాకా దిగబెట్టి వస్తోంది. అదే సర్వేలో ఐదో తరగతి పిల్లల్లో సగం మందికి పైగా రెండో తరగతి స్థాయి పాఠం చదవలేకపోయారు. చదవడం తడబడే పిల్లాడికి చదవక్కర్లేని వీడియో చూపించడమంటే, ఆ తడబాటుకు శాశ్వత సెలవు మంజూరు చేయడమే. పైగా 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో విద్యార్థులు ఫోన్లు వాడకూడదని నిషేధం పెట్టింది. పాఠ్యపుస్తకంలో కోడ్ ఉంది, సంచిలో ఫోను ఉండకూడదు. స్కాన్ చేయాల్సింది ఇక దివ్యదృష్టితోనే కాబోలు.

మహారాష్ట్ర ఉదాహరణ చెప్పేవాళ్లూ ఉన్నారు. పాఠ్యపుస్తకాల్లో కోడ్‌లు పెట్టిన షోలాపూర్ జిల్లా ఉపాధ్యాయుడు రంజిత్‌సిన్హ్ దిసలేకు 2020లో గ్లోబల్ టీచర్ ప్రైజ్ వచ్చిన మాట నిజమే. కానీ ఆయన ముందు చేసిందేమిటి? పుస్తకాలు పిల్లల ఇంటి భాషలో లేవని గమనించి, ఆ భాష నేర్చుకుని, పాఠాలను అందులోకి తెచ్చాడు. కోడ్ ఆ తర్వాతి సంగతి. మనం మాత్రం ఆయన పడ్డ శ్రమను వదిలేసి స్టిక్కరును దిగుమతి చేసుకున్నాం. ప్రయోగశాల లేని బడిలో రసాయన ప్రయోగం చూపించడానికి వీడియో పనికొస్తుంది. చూపులేని పిల్లలకు వినే పుస్తకం వరమే. ఇవి పుస్తకం ఇవ్వలేనిది ఇస్తున్నాయి కాబట్టి వీటితో పేచీ లేదు. పేచీ అంతా, ఇవ్వగలిగిన పుస్తకాన్ని దాచిపెట్టి దాని ప్రకటన చూపించడంతోనే.

పుస్తకాన్ని పాఠకుడి దగ్గరికి తీసుకెళ్లడం మనకు కొత్త విద్యేమీ కాదు. 1935లోనే గ్రంథాలయోద్యమ కార్యకర్త పాతూరి నాగభూషణం పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. పడవలో వెళ్లింది పుస్తకాలే, పుస్తకాల గురించిన కబుర్లు కావు. పుస్తకాలున్నది వాడుకోవడానికేనని 1931లో రంగనాథన్ గ్రంథాలయ శాస్త్రానికి మొదటి సూత్రంగానే రాసిపెట్టారు. కాబట్టి ముందు తాళం తీయండి. లైబ్రరీ పీరియడును లెక్కల మాస్టారికి అప్పిచ్చే అలవాటు మానండి. ఒక టీచరు కథ సగం దాకా చదివి వినిపించి, మంచి పట్టులో ఆపి, మిగతాది మీరే చదువుకోండని పుస్తకం చేతికివ్వాలి. చదివి చదివి చిరిగిన పుస్తకాన్ని ఖర్చు కింద రాసేసే అధికారం హెడ్మాస్టరుకు ఇవ్వాలి. ఇదంతా చేశాక కూడా ముచ్చట తీరకపోతే బడి గుమ్మానికి ఒక్క కోడ్ అంటించుకోండి. ఈ ఏడాది ఈ బడిలో పిల్లల చేతుల్లో నలిగి ఎన్ని పుస్తకాలు చిరిగాయో స్కాన్ చేస్తే తెలియాలి. తనిఖీకి వచ్చిన అధికారి ముందు దాన్నే చూడాలి. అక్కడ సున్నా కనిపిస్తే, సంజాయిషీ అడగాల్సింది అప్పుడు.