ఎండ కన్నెరుగని నారు

హైదరాబాదు మహానగరమున ఫిబ్రవరి మాసము ప్రవేశించి, ఎండ చురుక్కుమనుట కారంభించి, వీధి మలుపులలో పుచ్చకాయల బండ్లు వెలయు వేళకు, బహుళాంతస్తుల భవనములలోని కొందరు గృహస్థులు తమ గదుల కిటికీలకు దళసరి తెరలు దించి, వెలుతురు చొరరాకుండ కట్టుదిట్టము చేసి, ఆ చీకటిలో ఎల్‌ఈడీ దీపముల క్రింద నల్లని ప్లాస్టిక్ ట్రేలు పేర్చి, పిటూనియా విత్తనములను మొలిపింప పూనుకొనుచున్నారు. పైనుండి ఏసీ చల్లగాలి చిమ్ముచుండును. ఆ చలికి విత్తనములు ముడుచుకొనిపోవునేమో యని ట్రే క్రింద విద్యుత్తుతో కాగెడి చాప యొకటి పరచబడి యుండును. సూర్యుని వెళ్లగొట్టి దీపము పెట్టుట కొక ఖర్చు, వేడిని వెళ్లగొట్టుటకు రెండవ ఖర్చు, వెళ్లగొట్టిన వేడిని బతిమాలి మరల రప్పించుటకు మూడవ ఖర్చు: ఈ త్రివిధ దక్షిణలను చెల్లించి వారు సాధించున దేమనగా, ఆరుబయట తనంత తాను బ్రదుకగల మొక్కను గదిలో చావకుండ నిలుపుట.

ఈ విద్యకు పుట్టినిల్లు శీతల దేశములు. అచట దీనికి మిక్కిలి న్యాయమైన కారణము కలదు. మిన్నెసోటా వంటి సీమలలో మే నెల వరకును గడ్డకట్టు మంచు పడి మొలకను మాడ్చును. శరత్తు ముగియకముందే మరల వచ్చి పూచిన కొమ్మను మాడ్చును. ఆ నడుమ నున్న కొద్ది నెలలలో మొలిచి, ఎదిగి, పూయుటకు ఏకవార్షిక పుష్పజాతులకు వ్యవధి చాలదు గనుక, కడపటి మంచు తేదీకి 6 మొదలు 8 వారములు ముందుగను, పిటూనియా వంటి మందగమనలకు 10 మొదలు 12 వారములు ముందుగను అచటివారు ఇంటిలోపల నారు పోసికొందురు. చికాగో, న్యూజెర్సీలలో స్థిరపడిన మన తెలుగువారును మార్చి నెలలో నేలమాళిగలలో దీపములు వెలిగించి గోంగూర, బంతి నారు పెంచుకొందురు. గతిలేక చేసిన ఆ ఉపాయమును పరిహసింప నాకు నోరు రాదు.

కాని, హైదరాబాదునకు కడపటి మంచు తేదీ ఏది? 1946 జనవరిలో ఒకనాడు 6.1 డిగ్రీల వరకు దిగినదే ఈ నగరపు చలికి పరమావధి. ఆనాడును నీరు గడ్డకట్టు స్థితి కలుగలేదు. అయినను మన గృహస్థుడు గ్రంథప్రమాణమును విడువడు. రాని మంచుకు తేదీ నిర్ణయించి, అందుండి వారములు వెనుకకు లెక్కించి, ఫిబ్రవరిలో విత్తి, ఏప్రిల్‌లో నారును గట్టిపరచుట యను సంస్కారమునకు ట్రేను బాల్కనీలోనికి వేంచేపు చేయించును. మొదటి దినము ఒక గంట, రెండవ దినము రెండు గంటలు, ఇట్లు వారము పది దినములలో మొక్కకు ఎండ నలవాటు చేయవలెనని శాస్త్రము. ఏప్రిల్ మాసపు ఎండ రెండవ దినముతో పని లేకుండ చేయును.

ఈలోపల జరిగిన సేవ వర్ణింపదగినది. పిటూనియా విత్తు కంటికానని ధూళికణము. గ్రామునకు దాదాపు 10,000 తూగును. పళ్లుకుట్టుకొను పుల్ల కొనను నీట తడిపి, దానితో ఒక్కొక్క రేణువు నెత్తి, ఉచ్ఛ్వాస నిశ్వాసములను బిగబట్టి, తడిపిన కొబ్బరి పొట్టుపై నుంచును. ఆ విత్తు మొలచుటకు వెలుగు కావలెను, పైన మట్టి కప్పరాదు; ఈయన మాత్రము వాత్సల్యాతిశయమున అర అంగుళము పొట్టు కప్పి, ఆపై పారదర్శకమైన మూత బోర్లించి, ఆ గదిని పురిటిగది చేసి, పిల్లలను గడప తొక్కనీయడు. ఎట్లో బయటపడిన నాలుగు మొలకలు, దీపము చాలక, దారములవలె సాగి ప్రక్కకు వాలును. మధ్యాహ్నపు ఎండ లక్ష లక్సుల వెలుగు కురిపించుచుండ, గది నడుమ కొన్ని వందల లక్సులు మాత్రమే యుండునను సంగతి మొక్కకు తెలిసినంతగా యజమానికి తెలియదు. ఒకనాటి సాయంకాలమునకు మొలకల మొదళ్లు మట్టిని తాకు చోట నీరుపట్టి సన్నగిల్లి, వరుసకు వరుస ఒరిగిపోవును. ఇది నారుకుళ్ళు తెగులని, చెమ్మ నిలిచి గాలియాడనిచోట ప్రబలునని, అందులకే మడిని ఎత్తుగ చేసి నారు పలుచగ పోయవలెనని మిరప నారు పెంచు ఏ రైతైనను చెప్పగలడు. ఈయన రైతు నడుగడు. మూత మరింత బిగించి, వంటింటిలోని దాల్చినచెక్కను పొడి చేయించి చల్లును.

ఇన్ని పాట్లెందుకు, కడియపులంక నారుమడులనుండి మొక్కలు లారీలకెత్తి వచ్చుచుండగా నాలుగు కొనరాదా యనిన, విత్తనమునుండి పెంచిననే అపురూపమైన రకములు లభించునని సమాధానము. ఈ మాటలో సత్యము లేకపోలేదు. విత్తనముల జాబితాలోని వన్నెలు తోపుడు బండిపై దొరకవు. అపురూపముపై ఈ తహతహ విత్తనముల వర్తకులు చిరకాలముగ పెంచి పోషించినది. అమెరికాలో బర్పీ కంపెనీవారు 1954లో తెల్లని బంతిపూవును సాధించిన వారికి 10,000 డాలర్ల బహుమానము ప్రకటింపగా, అది 1975లో అయోవా రాష్ట్రపు స్త్రీ యొకతెకు దక్కినది. ఆమె దీక్షకు నమస్కారము. కాని మల్లెలు, సన్నజాజులు, నందివర్ధనములు విరగబూయు సీమలో తెల్లబంతి లేదని ఎవరు పస్తుండిరి?

పెరటిచెట్టు మందునకు పనికిరాదని పెద్దలన్నది ఈ గృహస్థుల యెడ అక్షరాల నిజము. ఇట్టివారిలో నొకరు, సెలోషియా యను పొట్లమును విదేశమునుండి తెప్పించి, దీపము క్రింద నుంచి, అతిథుల కెల్ల చూపుచుండిరి. ఇల్లు తుడువ వచ్చిన వాచ్‌మన్ భార్య పొట్లముపై బొమ్మను చూచి, "గిది గునుగు పువ్వు గాదా సారూ? మా ఊర్ల జొన్న చేన్ల మస్తు మొలుస్తది. కలుపు తీసి గట్టు మీదేస్తం" అన్నది.

"కాదమ్మా, ఇది వేరే. ఫారిన్ రకం."

"గట్లనా! ఎన్ని పైసలైనయి సారూ?"

ఆయన ధర చెప్పలేదు. రంగు వేరైన కావచ్చును గాని, రెండును సెలోషియా అర్జెంటియా యను ఒక్క జాతియే. ఏటేట బతుకమ్మకు ఆయన ఇల్లాలు అదే గునుగును కట్టలుగ బజారులో బేరమాడి కొని, రంగులలో ముంచి పేర్చుచున్నది. ఆ సంగతిని పొట్లము తెప్పించిన పండితునకు ఎవరును విన్నవించినట్లు లేదు.

పిటూనియాయే కావలెనను పట్టుదల గలవారు, వానలు వెనుకబట్టిన పిదప, దసరా ప్రాంతమున, బాల్కనీలో వెలుగునీడలు కలిసిన చోట, పైన మట్టి కప్పక విత్తుకొందురు గాక. చలికాలమున పూలు చూడగలరు. బంతికి ఆపాటి శ్రమయు నక్కరలేదు. ఎండిన పూవును నలిపి తొలకరి తడిలో చల్లిన వారము తిరుగకముందే మొలచును. ఇక ఆ విద్యుత్ చాపను, దానిని తెచ్చియిచ్చిన చికాగో మేనల్లునికే తిరిగి పంపుట ఉభయతారకము. 120 వోల్టుల దేశమునకై చేసిన వస్తువగుటచే, ఇచట దాని ప్రక్కన బరువైన ట్రాన్స్‌ఫార్మరొకటి రేయింబవళ్లు మూల్గుచున్నది. ఆ ట్రాన్స్‌ఫార్మరు కాకకు గది వేడెక్కినదని ఏసీని మరి రెండు డిగ్రీలు తగ్గించినారు.