మృదుజలము: ఒక బోరుబావి ఆత్మకథ

ఇథియోపియా దేశమును ఈశాన్యమునుండి నైరృతికి చీల్చుచు సాగిన పగులులోయలో, జివాయ్, లంగానో సరస్సుల నడుమ నున్న అలూటో అగ్నిపర్వతమునకు అనతిదూరమున, తలపై ఒక చేతిపంపును ధరించి నిలిచిన బోరుబావిని నేను. నీటిని నేనే పుట్టించుచున్నానని ఊరివారి నమ్మకము. నిజమునకు నేను దారిలోని కంతను మాత్రమే, నీరు నాకంటె వయసున మిక్కిలి పెద్దది.

తూర్పున సుమారు 4,000 మీటర్ల యెత్తుగల చిలాలో పర్వతముపై కురిసిన వర్షము, రాతి పగుళ్ళలో దిగి, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును తోడు చేసికొని, రాతినుండి కాల్షియమును మెగ్నీషియమును కరగించుకొనుచు పడమరకు బయలుదేరును. కొండపాదమున ఊటయై పైకుబికినంతవరకు అది నిరపాయమైన నీరే. లోయ అడుగునకు దిగినపిమ్మట, ఉత్తర ఈశాన్యముగా బారులు తీరిన భ్రంశములు దానికెదురగును. ఒకటి ద్వారమై దారి యిచ్చును, మరియొకటి గోడయై నిలుచును. అడ్డముగా పోదలచిన నీరు అచ్చట నిలువునకు మరలి, నురుగురాతిలోను అగ్నిపర్వత భస్మములోను ఏండ్ల తరబడి మెల్లగా ప్రాకును. భూగర్భపు వేడియు, లోతులనుండి ఎగయు వాయువును రాతిని కరగించు దాని శక్తిని ఇనుమడింపజేయును.

అసలు కథ ఇచ్చటనే యున్నది. భస్మములోని గాజు కరగి సోడియమును ఫ్లోరైడును విడుచును. కాల్షియమో, కొంత సున్నపురాయియై పేరుకొనును, కొంతను బంకమన్ను తన సోడియము నిచ్చి మారుగా గైకొనును. కాల్షియము సమృద్ధిగా నున్నచో ఫ్లోరైడు దానితో కూడి ఫ్లోరైటను ఖనిజమై అడుగంటియుండెడిది. కాల్షియము లేకపోవుటచే ఫ్లోరైడునకు పట్టపగ్గములు లేవు. ప్రపంచ ఆరోగ్యసంస్థ విధించిన హద్దు లీటరునకు 1.5 మిల్లీగ్రాములు కాగా, 10 దాటిన బావులు ఈ లోయలో నాకు చుట్టములే.

నా యొద్దకు వచ్చు స్త్రీలు నన్ను పొగడుచుందురు: ఇంచుక సబ్బు రుద్దినంతనే తొట్టినిండ నురుగు లేచునట! ఆ పొగడ్తయే నాకు శూలము. సబ్బునకు అడ్డుపడు కాల్షియము నాలో లేదు గనుకనే ఆ నురుగు. ఫ్లోరైడు పెరుగుటకును అదియే హేతువు. విషమునకు రుచి లేదు, రంగు లేదు. పంపుకాడ పట్టుకొని వ్రేలాడు బిడ్డ నవ్వినపుడు, కొత్తగా మొలచిన ముందరి పండ్లపై గోధుమచారలు కనబడును. వాని తాత నడుము ముందే వంగిపోయినది. పంపునకు దోసిలి పట్టుటకు ఆయన వేరుగా వంగనక్కరలేదు.

మీ తెలుగునేల పేరు గల వైద్యమొకటి ఈ లోయకును వచ్చినది. నాగపురమునందలి పరిశోధనాసంస్థ రూపొందించిన నల్లగొండ పద్ధతి యది: నీటిలో పటికయు సున్నమును కలిపి చిలికి, మడ్డి దిగినపిమ్మట తేటను వంచుకొనవలెను. నల్లగొండవారికి ఈ బాధ నేను చెప్పనక్కరలేదు గదా! పద్ధతి మంచిదే; కాని క్షారము హెచ్చిన నా వంటి నీటికి పటిక చాల వలయును, మడ్డిని నిత్యము పారబోయవలయును. దినమెల్ల పొలమున పాటుపడి వచ్చిన ఇల్లాలు ఎన్నాళ్ళు చేయగలదు?

కావున నా మనవి యిది. త్రాగుటకును వంటకును కొండపాదపు ఊటనుండి గొట్టములు వేయించుడు, గుడ్డలుదుకుటకు నన్నుంచుకొనుడు. తోటలకు మాత్రము నన్ను తోడవలదు. నా సోడియము నేలను బిగియజేసి చౌడుగా మార్చును.