దశమి మంచిదని బోటెక్కితే

మా వరికుంటపాడులో ట్రాక్టరు కొన్నవాణ్ణి ఎంతకు కొన్నావని అడుగుతారు. నేను మోటారు బోటు కొన్నానని తెలిసినప్పుడు మాత్రం అందరూ ఒకటే అడిగారు, "యాడ పెడతారు సారూ?" అని. అందులో ఎగతాళేమీ లేదు. మాకు దగ్గర్లో చెప్పుకోదగ్గ నీళ్లంటే పిల్లాపేరు మీద కట్టిన గండిపాలెం రిజర్వాయరే. ఆ వాగులో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. ఫ్లోరైడు నీళ్లతో బాధపడే ఊళ్లున్న మండలం మాది. ఉదయగిరి కొండ మీద మబ్బు ఆగిందంటే ఆ రోజు టీ అంగడి దగ్గర అదే కబురు. అట్లాంటి చోట పుట్టి, చుట్టుపక్కల హైస్కూళ్లలో సోషల్ చెప్పి రిటైరైన నేను, మిగిలిన కాలం నీళ్ల మీద కాపురం ఉండాలనుకున్నాను.

ఈ పిచ్చి ఎక్కడ అంటుకుందో నాకు బాగా తెలుసు. కూతురి కాన్పుకని ఆలూమగలం ఇంగ్లండు పోయాం, బర్మింగ్‌హాంకు. వాళ్ల ఇంటికి కాస్త దూరంలో కాలువ. అందులో రైలు పెట్టెను సన్నగా సాగదీసినట్టుండే పడవలు. వెడల్పు ఏడడుగులు, పొడవు కొన్నిటికి డెబ్భై అడుగుల దాకా. వాటిలో జనం కాపురాలుంటారు. కప్పు మీద పూలకుండీలు, కట్టెలు, సైకిలు. పడవ కట్టేసుకోవడానికి సొంత చోటు లేనివాళ్లు ఒకేచోట పద్నాలుగు రోజులకు మించి ఉండకూడదని అక్కడి రూలు. అందుకని కదులుతూనే ఉంటారు. నా ఈడు ముసలాయన ఒకడు లాకు తలుపు దూలానికి వీపు ఆనించి నెట్టి, పడవను అవతలికి పోనిచ్చి, తలుపు మూసి, గట్టు మీద పెట్టిన టీ కప్పు అందుకునేవాడు. టీ ఇంకా చల్లారేది కాదు. అది చూడటానికే సాయంత్రాలు అక్కడికి పోయేవాణ్ణి. బర్మింగ్‌హాంలో వీళ్లు చేసే పని బకింగ్‌హాంలో నేనెందుకు చేయకూడదని ఆ గట్టు మీదే తీర్మానించుకున్నా.

బకింగ్‌హాం కాలువ గురించి నాకు తెలిసినంత మా మెట్టలో ఇంకెవరికీ తెలియదని నా ధీమా. 1806లో బేసిల్ కాక్రేన్ అనే వ్యాపారి మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తవ్వించాడు. తర్వాత ప్రభుత్వం తీసుకుని, పులికాట్ సరస్సు దాటించి ఉత్తరాన పెదగంజాం దాకా తెచ్చింది. అక్కడ కృష్ణా డెల్టా నుంచి వచ్చే కొమ్మమూరు కాలువ కలుస్తుంది. ధాత కరువులో, 1877-78లో, కూలీలకు పని చూపించడానికని మద్రాసులో కూవం, అడయారు నదుల నడుమ ఎనిమిది కిలోమీటర్లు తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూకు పేరే కాలువకు పెట్టారు. పెదగంజాం నుంచి మద్రాసుకు సుమారు 315 కిలోమీటర్లు. కాకినాడలో పడవెక్కినవాడు నడిసముద్రంలోకి పోకుండానే మద్రాసులో దిగేవాడు. ఉప్పు, ధాన్యం, శ్రీహరికోట కట్టెలు ఈ దారినే పోయేవి. 2004 సునామీలో ఎగిసిన నీటిని చాలావరకు ఈ కాలువే మింగి మత్స్యకారుల్ని కాచింది. 2008లో కేంద్రం దీన్ని జాతీయ జలమార్గం-4లో చేర్చింది. పెళ్లికి పోయినా కర్మంతరాలకు పోయినా ఇదంతా చెప్పేవాణ్ణి. వినేవాళ్లు విస్తరి ముందు నుంచి లేవలేరు గదా.

ఈ చరిత్రలో ఇంకో సగం ఉంది. 1899లో మద్రాసుకూ బెజవాడకూ నడుమ రైలు నడవడం మొదలయ్యాక కాలువ మీద బేరం తగ్గింది. 1965-66లో, మళ్లీ 1976లో వచ్చిన తుఫాన్లు కాలువను దెబ్బతీశాయి. మద్రాసులో అయితే కాలువ మధ్యలోనే లోకల్ రైలు స్తంభాలు దిగాయి. జలమార్గం-4 మొదటి దశకు 2017లో శంకుస్థాపన చేసింది కృష్ణానది మీద, ముక్త్యాల–విజయవాడ నడుమ. మా వైపు కాలువలో కాదు. ఇదంతా కూడా నాకు తెలుసు. పరీక్షకు రాదని పిల్లల చేత దాటేయించే పేరాల్లో దీన్నీ కలిపేశా.

జలమార్గం పటంలో కాలువ పైనుంచి కిందికి ఎక్కడా తెగకుండా నీలి గీతగా ఉంది. మా పిల్లాపేరు కూడా జిల్లా పటంలో నీలి గీతే. ఉద్యోగకాలమంతా గోడపటం మీద బెత్తం ఆనించి "నీలం గీత ఉంటే నీళ్లున్నట్టు" అని పిల్లలకు చెప్పి, సాయంత్రం అదే వాగును చెప్పులు తడవకుండా దాటి ఇంటికొచ్చినవాణ్ణి నేను. డెల్టావాడు ఎవరైనా ఆ గీతను చూసి మోసపోయాడంటే పాపం అనొచ్చు. ఏడాది పొడవునా ఇసుకలో నడిచిన మెట్టవాణ్ణి, నాకు ఆ వీలు కూడా లేదు.

కావలి దగ్గర ఒక రేవులో పాత ఫైబరు బోటు, దానికి తగ్గ అవుట్‌బోర్డు ఇంజను కొన్నా. సముద్రంలో వలకు పోయే బోటు అది. కాలువకు అడుగు బల్లపరుపుగా ఉండేది కావాలి, ఇంజను ఫ్యాను లోతుకు దిగకూడదు. అమ్మినాయన ఏమీ దాచలేదు. "కాలవకు ఇదెందుకు సారూ" అని మొహం మీదే అన్నాడు. రేటు పెంచడానికి వేసే ఎత్తనుకున్నా. పైన టార్పాలిన్ పట్టా కట్టించా. లోపల పట్టడానికి నవారు మంచం కాళ్లు సగానికి కోయించా. గ్యాసు పొయ్యి, పుస్తకాల పెట్టె, ఉదయగిరి చెక్క గరిటెల సెట్టు, అన్నీ సర్దా. ఇంజనున్న పడవను నదుల్లో, కాలువల్లో తిప్పాలంటే తనిఖీ చేయించి రిజిస్టరు చేయించాలని 2021లో చట్టం వచ్చింది. ఆ సంగతి నాకు బోటు అమ్మేశాక తెలిసింది.

మా ఆవిడ రానని చెప్పేసింది. "2019లో కచ్చులూరు కాడ గోదాట్లో ఏమైందో మీ పక్కనే కూర్చుని టీవీలో చూశా. మీరు పోండి" అంది. కాలువలో మునగడానికి నీళ్లెక్కడున్నాయని ఆమెకు ధైర్యం చెప్పా. ఆ ప్రయాణం గురించి నేను అన్న మాటల్లో అదొక్కటే నిజమైంది.

బయల్దేరడానికి పంచాంగం తీశా. పిల్లలకు మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాయించినవాణ్ణే. అయినా ఇంత డబ్బు పెట్టాక తిథి చూడకుండా ఎట్టా? అష్టమి, నవమి వదిలేసి, శుద్ధ దశమి, వర్జ్యం లేని వేళ ఖాయం చేశా. తుమ్మలపెంట దగ్గర బోటు కాలువలోకి దించి, దాన్ని ట్రాక్టరు మీద తెచ్చిన మా మేనల్లుడు "ఫోన్ చార్జింగ్ చూసుకో మామా" అన్నాడు. ఇసకపల్లి, మైపాడు, కృష్ణపట్నం, పులికాట్, ఆ తర్వాత మద్రాసు. శ్రీహరికోట పక్కన రాకెట్ల కేంద్రం వాళ్లు ఆపితే ఏం చెప్పాలో కూడా ముందే ఆలోచించి పెట్టుకున్నా.

కాసేపు బాగానే ఉంది. గట్ల మీంచి చిల్లచెట్లు నీళ్ల మీదికి వాలి ఉన్నాయి. వాటి వెనక రొయ్యల చెరువులు, ఏరేటర్ల రొద. మధ్యాహ్నం వంటకు దిగా. మా మెట్టవాళ్లం కాలువ కావాలని అర్జీలు పెట్టేది తాగడానికి, పైరుకు. కాలువలో ఉప్పునీళ్లుంటాయన్న ఊహ మాకు చచ్చినా రాదు. ఇసకపల్లి ఉప్పు మడుల గురించి క్లాసులో చెప్పినవాణ్ణే, చెంబు ముంచి బియ్యంలో పోశా. అన్నం పువ్వులా ఉడికింది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కాలువలోకే ఉమ్మేశా. తాగడానికి తెచ్చుకున్నది ఒకే ఒక్క క్యాను.

తర్వాత ఇంజను గొంతు మారింది. ఆపి పైకెత్తి చూస్తే ఫ్యాను చుట్టూ నైలాను వల ముక్కలు, నాచు బిగుసుకుని ఉన్నాయి. కూరగాయల కత్తితో పోగుపోగూ కోస్తుంటే బోటు నిదానంగా పక్కకు వాలింది. మంచం జారింది. పొయ్యి జారింది. వాటి వెనకే నేనూ జారా. లేచి చూస్తే నీళ్లకూ గట్టుకూ మధ్య బారెడు వెడల్పున నల్ల బురద, ఇందాక లేనిది. దిగి నెడదామని కాలు పెడితే మోకాలి దాకా దిగబడింది. కాలొచ్చింది గానీ చెప్పు రాలేదు.

పీతల బుట్ట పెట్టుకుని ఒక పెద్దాయన చిన్న దోనెలో గెడ వేసుకుంటూ వచ్చాడు.

"యాడికి సామీ?"

"మద్రాసుకు."

ఆయన నవ్వలేదు. ఇంజను వైపు ఒకసారి చూశాడు. "దశమి పూట బయల్దేరితే నీళ్లు యాడుంటాయి సామీ? పున్నానికి పోటొస్తాది, అప్పుడు లేస్తాది. అందాకా ఈడనే."

వానాకాలం వదిలేస్తే ఈ భాగానికి పైనుంచి వచ్చే నీళ్లు పెద్దగా లేవు. సముద్రం పోటు మీదున్నప్పుడు ఏటి ముఖద్వారాల నుంచి ఎగదన్నే నీళ్లే దిక్కు. అక్కడ ఇసుక మేట వేస్తే అవీ సరిగా రావు. మన తీరాన పున్నమికీ అమావాస్యకూ కూడా పోటుకూ పాటుకూ తేడా మీటరు అటూ ఇటే. అష్టమి దాటిన రెండు మూడు రోజులు అందులో సగం కూడా ఉండదు. లఘు వేలా తరంగాలని నేనే పాఠం చెప్పేవాణ్ణి, సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ లంబకోణంలో బోర్డు మీద గీసి మరీ. పంచాంగం చేతిలో ఉంది, తిథి వేలు పెట్టి చూశా, వర్జ్యం లెక్కపెట్టా. నీళ్ల లెక్క ఆ పేజీలోనే ఉందని చదువుకున్న నాకు తట్టలేదు. పీతలు పట్టే మనిషికి ఆ పేజీతో పనే లేదు.

ఆయనే నన్ను గట్టు చేర్చాడు. మేనల్లుడు బండి మీద వచ్చి, నా ఒంటి కాలి చెప్పు చూసి కూడా ఏమీ అడగలేదు. ఊళ్లో మాత్రం సర్కారు పర్మిషన్ ఇవ్వలేదని చెప్పా. టీ అంగడి దగ్గర జనం నా తరఫున ప్రభుత్వాన్ని తిట్టారు, నేను అడ్డుచెప్పలేదు. ఆ అబద్ధం ఇంకా నడుస్తూనే ఉంది, ఇది చదివినవాళ్లు దాన్ని ఆపేయొచ్చు.

బోటు పున్నమి పోటుకు లేచింది. అక్కడే రొయ్యల చెరువులున్న ఒకాయన నేను పెట్టిన దాంట్లో మూడో వంతుకు కొన్నాడు. ఇప్పుడది చెరువులో మేత చల్లడానికి తిరుగుతోంది. ఇంజను కూడా ఎవరో వలకు పోయేవాళ్లు తీసుకున్నారు. మంచమొక్కటే ఇంటికి తెచ్చుకున్నా. కాళ్లు కోసిన నవారు మంచం ఎవరికైనా పనికొచ్చేట్టుంటే వరికుంటపాడు రండి, ఊరికే ఇస్తా.