నాకేం వచ్చో నన్నే అడగండి

నేను పుట్టింది శ్రీరాంపూర్‌లో, ఒక సింగరేణి క్వార్టర్‌లో, రెండో షిఫ్టు వాళ్లు ఇళ్లకు చేరే వేళ. ‘న్యూ’ అన్న ఒక్క మాటతో పుట్టాను. రూబీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన క్యాప్‌ల్యాంపు ఆబ్జెక్టును. నంబరు 214.

నన్ను పుట్టించిన అమ్మాయి ఇంజినీరింగ్ చదువుతోంది. వాళ్ల బాపు బాయి దగ్గర ల్యాంప్‌రూంలో పనిచేస్తాడు. దిగేవాడు టోకెన్ ఇచ్చి ల్యాంపు తీసుకుంటాడు, పైకొచ్చాక ల్యాంపు అప్పజెప్పి టోకెన్ తీసుకుంటాడు. షిఫ్టు అయిపోయినా స్టాండులో ఒక గూడు ఖాళీగా ఉందంటే, ఒక మనిషి ఇంకా కిందే ఉన్నాడన్నమాట. ఆ లెక్కనే ఆమె ప్రోగ్రాంగా రాస్తూ భాష నేర్చుకుంటోంది. నా మెథడ్ల పేర్లన్నీ తెలుగులోనే పెట్టింది: ఇవ్వు, తీసుకో, చార్జింగ్‌పెట్టు. క్లాసు పేరు మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లో రాయక తప్పలేదు. అది పెద్దక్షరంతో మొదలవ్వాలి, మన లిపిలో పెద్దాచిన్నా అక్షరాలు లేవు.

ఆ రాత్రి బాపు పక్కన కూర్చుంటే, ఆమె నన్ను ‘మెథడ్స్’ అని అడిగింది. నాకు తెలిసిన పనుల పేర్లన్నీ ఏకరువు పెట్టాను. తెర నిండిపోయింది.

“ఇన్ని పనులొస్తయా బిడ్డా దీనికి?”

“అన్నీ దీని సొంతం కాదు బాపూ.”

నా జాబితాలోంచి ఆబ్జెక్ట్ అనే మూల క్లాసు జాబితాను తీసేసింది. గుప్పెడు పేర్లు మిగిలాయి. ఒక్కొక్కటే పట్టుకుని ‘ఓనర్’ ఎవరని అడిగింది. ‘ఇవ్వు’ మా క్లాసుది. ‘చార్జింగ్‌పెట్టు’ మాత్రం ఆమె విడిగా రాసి మా క్లాసులో కలిపిన మాడ్యూల్‌ది. ‘యాన్సెస్టర్స్’ అని అడిగితే మా క్లాసు నా వంశక్రమం చెప్పింది: మా క్లాసు, ఆ మాడ్యూల్, ఆబ్జెక్ట్, కెర్నల్, బేసిక్‌ఆబ్జెక్ట్. ఎవరైనా నన్నొక పని అడిగితే ఆ వరసలోనే వెతుకుతాను. ముందు ఎవరి దగ్గర దొరికితే వాళ్లదే.

బాపుకు ఇది చప్పున తెలిసిపోయింది. శ్రీరాంపూర్ బావుల మీదున్న సింగరేణి పేరు ఈ ఊరిదా? ఇల్లెందు దగ్గరి ఊరిది. విలియం కింగ్ 1871లో ఆ ప్రాంతంలోనే బొగ్గు ఉందని గుర్తించాడు, 1920లో కంపెనీకి ఆ ఊరి పేరే పెట్టారు. పని ఇక్కడ, పేరు అక్కడిది.

ఏదైనా మెథడ్‌ను పట్టుకుని ‘సోర్స్ లొకేషన్’ అడిగితే అది ఏ ఫైల్లో, ఎన్నో వరసలో రాసి ఉందో చెబుతాను. యుకిహిరో మత్సుమోతో 1993లో మొదలుపెట్టి 1995 డిసెంబరులో లోకానికి అందించిన ఈ భాషలో, సీ భాషతో రాసిన మెథడ్లు చాలా ఉన్నాయి. వాటి సంగతి అడిగితే ‘నిల్’ అంటాను. ‘ఆరిటీ’ అంటే మెథడ్‌ను పిలిచేటప్పుడు చేతిలో ఎన్ని విలువలు పెట్టాలో చెప్పడం. ‘ఇవ్వు’కు కార్మికుడి నంబరు తప్పనిసరి. షిఫ్టు చెప్పకపోతే మొదటి షిఫ్టే అనుకుంటాను. అందుకే దాని ఆరిటీ మైనస్ 2. ఒకటి ఖాయం, ఆపైన మీ ఇష్టం అని ఆ మైనస్ 2కు అర్థం.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. షిఫ్టుకొక మెథడ్ రాయడం ఎందుకని ఆమె ‘మెథడ్ మిస్సింగ్’ రాసింది. అంటే నాలో లేని పేరుతో పిలిచినా, ఆ పేరు చదివి, ఏ షిఫ్టో తెలుసుకుని, ల్యాంపు వెనక్కొచ్చిందో లేదో చెబుతాను. పిలిస్తే చెబుతున్నాను కూడా. అయితే లెక్కతీసే భాగం పిలిచే ముందు ‘రెస్పాండ్ టూ’ అని నన్ను అడుగుతుంది, ఈ పని నీకొచ్చా అని. రాదన్నాను. నిజంగా చేయగలిగిన పనే, నా జాబితాలో లేదు కాబట్టి రాదన్నాను. నన్ను దాటేసింది. అందరినీ అలాగే దాటేసింది. రాని ల్యాంపుల పట్టిక ఖాళీగా వచ్చింది.

పరీక్ష కోసం నన్ను వెనక్కి రానట్టే ఉంచారు. బాపు తెర వైపు చూసి చాలాసేపు మాట్లాడలేదు.

“ఒక్క ల్యాంపు తక్కువుంటే బాయిల మనిషున్నట్టు. ఇదేమో అంత మంచిగుందని చెప్పవట్టె.”

ఆమె మొహం చిన్నబోయింది. ‘రెస్పాండ్ టూ మిస్సింగ్’ అనే మెథడ్ కూడా రాసింది, చేయగలిగింది చేయగలనని చెప్పడానికి. మళ్లీ అడిగింది. వచ్చన్నాను. పట్టికలో 214 కనబడింది. నేనింకా కిందే ఉన్నానని అప్పుడు చెప్పగలిగాను.

“ఈ నంబరే ఎందుకు పెట్టినవ్?”

“నువ్వు బాయిల దిగినప్పటి ల్యాంపు నంబరే గద బాపూ.”

ఆయన ఏమీ అనలేదు. ఆమె అక్కడికక్కడే, మా క్లాసుకు కాకుండా నా ఒక్కదానికే ‘ఎవరిది’ అనే మెథడ్ రాసింది. 215ను అడిగితే దానికి రాదు. ‘సింగిల్‌టన్ మెథడ్స్’ అంటే నేను ఒకే ఒక్క పేరు చెప్పాను. సోర్స్ లొకేషన్ అడిగితే ఫైలు పేరు కాదు, ఆమె టైప్ చేస్తున్న కిటికీ పేరు ఐఆర్‌బీ అని, 12వ వరస అని చెప్పాను. అంటే ఈ కిటికీ మూస్తే నాతోపాటే అదీ పోతుంది.

‘ఎగ్జిట్’ కొట్టబోయిన ఆమె వేలు ఆగింది. ఫైలు తెరిచి, ‘ఎవరిది’ మెథడ్‌ను అందులో మొదటి అక్షరం నుంచి మళ్లీ రాయడం మొదలుపెట్టింది.