నిర్ధాన్య శునకాన్న పద్యం: టీకా తాత్పర్య విశేషాంశ సహితం

అవతారిక

చలికాలం వచ్చిందంటే విశాఖపట్నం నుంచి అరకు లోయకు బయల్దేరే కార్లలో మనుషులతోపాటు కుక్కలూ ఉంటున్నాయి. షిట్జూ, పగ్, పామేరియన్ వగైరా. శృంగవరపుకోట వరకు అవి కిటికీలోంచి తల బయటపెట్టి లోకాన్ని పరామర్శిస్తాయి. ఆ తరువాత ఘాట్ రోడ్డు మలుపులు మొదలవుతాయి. అనంతగిరి కాఫీ తోటల దగ్గర తలుపు తీసేసరికి సీటు మీద పొద్దుటి భోజనం యథాతథంగా దర్శనమిస్తుంది. యజమాని నిట్టూర్చి, "దీని పొట్ట చాలా సెన్సిటివ్ అండీ, గ్రెయిన్ ఫ్రీ తప్ప పడదు" అంటాడు. ఆ మేత సంచేమో విశాఖలో మరిచిపోయి వచ్చాడు. అరకులో కిరాణా కొట్టతను ఆ మాట రెండుసార్లు చెప్పించుకుని, పాల బిస్కెట్ల పొట్లం చేతిలో పెడతాడు.

ఈ సందర్భాన్ని పురస్కరించుకుని పుట్టిన పద్యమిది. కర్త ఎవరని అడగవద్దు. టీక రాయాలంటే పద్యం కావాలి కనుక టీకాకారుడే అల్లుకున్నాడు. కోలాచల మల్లినాథ సూరికి టీక రాయడానికి కాళిదాసు దొరికాడు. మాకు మేమే దొరికాం.

మూలం

చిట్టి కుక్క కడుపు చెడెనని గింజలు
లేని తిండి వెదకు లీల వినుము
సంచి మీది మాట చదివి చూడక కొన్న
పప్పు పిండి తినును పసిడినెల్ల

టీక

చిట్టి కుక్క = పది కిలోల లోపు తూగు శునకము యొక్క; కడుపు = ఉదరము; చెడెనని = చెడినదని యజమాని తలచి; గింజలు లేని తిండి = వరి, గోధుమ, మొక్కజొన్న, బార్లీ, ఓట్లు వేయని ఎండు గుళికల మేతను; వెదకు లీల = అర్ధరాత్రి దాటాక కూడా ఫోను వెలుగులో వెదకు విలాసమును; వినుము = ఆలకింపుము; సంచి మీది మాట = సంచి వెనుక చీమ తలకాయంత అక్షరాలతో అచ్చైన దినుసుల పట్టికను (ముందువైపు నోరు తెరిచిన తోడేలు బొమ్మను కాదు); చదివి చూడక కొన్న = అట్లే కొనినచో; పప్పు పిండి = బఠాణీ, సెనగ, మసూరు మున్నగువాని పిండి; పసిడినెల్ల = ధనమునంతటిని; తినును = ఆరగించును.

చివరి వాక్యంలో కర్త పిండి, కర్మ పసిడి. కుక్కకు అందులో చోటు లేదని గమనించాలి.

తాత్పర్యం

కుక్కకు అజీర్తి చేస్తే నేరం ధాన్యం మీద మోపి, పట్టిక చదవకుండా ఖరీదైన సంచి కొనేవాడి ఇంట ధాన్యం పోయి పప్పు వచ్చును. అజీర్తి యథాస్థానమున ఉండును.

విశేషాంశాలు

"చెడెనని" అన్నచోట ఆ "అని"ని వదిలిపెట్టకూడదు. చెడిందని కవి ఒప్పుకోలేదు. యజమాని అనుకున్నాడని మాత్రమే చెప్పాడు. అరకులో చిట్టి కుక్క కక్కుకోవడానికి కారణాలు వెదికితే మొదటిది ఘాట్ రోడ్డు. దానికి మందు సంచి మార్చడం కాదు, ప్రయాణానికి కొన్ని గంటల ముందు మేత ఆపడం. అయితే నెలల కూనలను మరీ ఎక్కువసేపు పస్తు పెడితే రక్తంలో చక్కెర పడిపోయి వణుకుతాయి కనుక వాటి సంగతి వేరు. రెండవది బొంగులో చికెన్. వెదురు బొంగులోంచి ఆకు తీయగానే ఆవిరి లేస్తుంది, టేబుల్ కింద తోక ఆడుతుంది, ఎవరో ఒకరు జాలిపడి ఒక ముక్క జారవిడుస్తారు. అందులో కారం ఉంటుంది, అల్లం వెల్లుల్లి ముద్ద ఉంటుంది. వెల్లుల్లి వంటి ఉల్లి జాతి దినుసు కుక్క రక్తకణాలకే చేటు. ఉడికిన ఎముక పుల్లలుగా చీలి పేగుకు గుచ్చుకుంటుంది. మూడవది కాఫీ మ్యూజియం దగ్గర కొన్న చాక్లెట్. అందులోని థియోబ్రోమిన్, కెఫీన్ మనకు ఉల్లాసం, నాలుగు కిలోల కుక్కకు విషం. నాలుగవది ఊట నీళ్ళు, నులిపురుగులు. ఐదవది ముద్దు చేసి పోసిన పాలు. ఇన్నింటిని దాటుకుని వచ్చి గోధుమ గింజను బోనెక్కించడం న్యాయశాస్త్రానికి విరుద్ధం.

పూర్వపక్షం: కుక్క తోడేలు వంశం కదా, దానికి ధాన్యమేమిటి?

సమాధానం: వంశం నిజమే, పొట్ట మారింది. 2013లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన ఈ సంగతి తేల్చింది. పిండి పదార్థాన్ని అరిగించే ఎంజైముకు సంబంధించిన ఏఎంవై2బి అనే జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయి. మనిషి పొలం వేసుకున్నాక అతని గుమ్మంలో పడుకున్న జంతువు అతని కూడు అరిగించుకోవడం నేర్చింది. మహాభారతం ఆదిపర్వం ఆరంభంలో దేవశునకం సరమ కొడుకు కథ ఎరిగినదే. జనమేజయుడి యాగశాలలో హవిస్సును చూడలేదు, నాకలేదు, అయినా దెబ్బలు తిన్నాడు. హవిస్సులో పురోడాశమంటే బియ్యపు పిండితోనో యవల పిండితోనో చేసిన రొట్టె. కనుక ప్రథమ గ్రెయిన్ ఫ్రీ శునకం సారమేయమేనని నవీనులు వాదించవచ్చు. అది అంగీకారం కాదు. అతడు ముట్టకపోవడం మర్యాద వల్ల, అజీర్తి వల్ల కాదు.

ఆహారపు అలర్జీ అసలే లేదని మేము అనడం లేదు. 2016లో ముగ్గురు పశువైద్యులు 297 కుక్కల కేసులు పోగుచేసి చూస్తే ముద్దాయిల వరుస ఇలా తేలింది: గొడ్డు మాంసం 34 శాతం, పాల పదార్థాలు 17, కోడి 15, గోధుమ 13, మొక్కజొన్న 4, బియ్యం 2. సంచి మీద "ధాన్యరహితం" అని బంగారు అక్షరాలు, పట్టికలో మొదటి మాట కోడి! కోడి పడని కుక్కకు ఆ సంచి కొనడమంటే దొంగను కాపలా పెట్టడమే. గోధుమ గ్లూటెన్ నిజంగానే పడని వంశాలూ ఉన్నాయి. ఐరిష్ సెట్టర్లలో అది ప్రసిద్ధం. మన ఒళ్ళో కూర్చునే పామేరియన్ ఆ గోత్రం కాదు.

ఇక "పప్పు పిండి". పద్యానికి ఇదే ప్రాణం కనుక కొంత నిలబడి చూడాలి. ఎండు గుళికను యంత్రంలో ఆవిరితో ఉడికించి, ఒత్తిడితో రంధ్రాల్లోంచి తోస్తారు. పిండి పదార్థం లేకపోతే అది గుళికగా నిలవదు. కనుక ధాన్యం తీసినవాడు ఆ చోట ఇంకేదో పెట్టి తీరాలి: బఠాణీ, సెనగ, చిలగడదుంప, కర్రపెండలం. పట్టికలో దినుసులను వండకముందు బరువు ప్రకారం పెద్ద నుంచి చిన్నకు రాస్తారు. పచ్చి కోడిలో సుమారు 70 శాతం నీరే. ఆ నీటి బరువుతో అది అగ్రాసనం ఎక్కుతుంది, ఎండాక దిగిపోతుంది. వెనకాల బఠాణీ, బఠాణీ పిండి, బఠాణీ మాంసకృత్తు అని ఒక్కరే మూడు వేషాల్లో నిలబడి ఉంటారు. ముగ్గురినీ కలిపి తూస్తే ఒక్కోసారి కోడి కన్నా బరువు.

పిండి పదార్థం ఎంతో సంచి చెప్పదు, మనమే లెక్క కట్టుకోవాలి. ప్రోటీన్ 28, కొవ్వు 15, పీచు 4, తేమ 10, బూడిద 8 అని ఉందనుకోండి. మొత్తం 65. నూటికి మిగిలిన 35 పిండి పదార్థమే. ధాన్యం లేని సంచికీ, ధాన్యం ఉన్న సంచికీ ఈ లెక్క కట్టి పక్కపక్కన పెట్టి చూస్తే చాలాసార్లు పెద్ద తేడా కనబడదు, ధరలో తప్ప.

పప్పు విషయంలో మరొక అనుమానం కూడా నడిచింది. 2018 జూలైలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, పప్పులూ దుంపలూ ఎక్కువగా ఉన్న మేతలకూ కుక్కల గుండె కండరం సాగిపోయే డీసీఎం జబ్బుకూ సంబంధం ఉందేమోనని విచారణ ప్రకటించింది. 2022 నవంబరు 1 నాటికి 1,382 నివేదికలు అందాయి. మేతే కారణమని రుజువు కాలేదు, కాదనీ తేలలేదు. ఇటువంటి చోట పాత వ్యాఖ్యాతలు "సుధీభిః విభావ్యమ్" (పండితులే ఆలోచించుకోవాలి) అని తప్పుకునేవారు. మేము మాత్రం, వైద్యుడు చెప్పిన కారణం లేకుండా ఉత్త మోజుతో ఈ మేతకు మారవద్దని పక్షం తీసుకుంటున్నాం.

వైద్యుడు చెబితే? అప్పుడు మారాల్సిందే. పాతదాంట్లో పావు వంతు కొత్తది కలిపి మొదలుపెట్టి, వారం పది రోజుల్లో పూర్తిగా మార్చాలి. ఒక్క రాత్రిలో మార్చితే ఏ కుక్కకైనా విరేచనాలు పట్టుకోవచ్చు. పాపం, అప్పుడు కొత్త సంచి కూడా "పడలేదు" అనిపించుకుంటుంది. కుక్క ఇంతవరకు తినని మాంసం ఉన్న మేత ఎంచి, బిస్కెట్లూ బొంగు చికెనూ బంద్ చేసి, పొట్ట సంగతైతే రెండు మూడు వారాలు, దురద సంగతైతే ఎనిమిది వారాలు ఓపిక పట్టాలి. గుళిక చిన్న పంటికి అందేంత ఉండాలి. విరేచనంలో నెత్తురు కనబడినా, టీకాలు వేయించని కూన వాంతులతో పడుకుండిపోయినా సంచుల చర్చ మాని వైద్యుడి దగ్గరకు పరుగెత్తాలి. (ఇక్కడ టీకా అంటే సూది మందే.) లోయలో ఉండేవారు పెద్ద సంచి చవకని కొనవద్దు, వానాకాలం తేమకు బూజు పట్టి, కొవ్వు కనరెక్కుతుంది. చిన్న సంచి కొని, సంచితో సహా గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టుకోవాలి.

పాఠాంతరాలు

నాలుగో పాదంలో "చోడి పిండి" (రాగి పిండి) అని సంతలో ఒక పాఠం వినబడింది. రాజ్మా, పసుపు రాశులు పోసుకుని కూర్చున్న ఒక ముసలమ్మ, ఒళ్ళో షిట్జూని చూసి, "ఏటి బాబూ, సోడంబలి తాగదేటి మీ కుక్క?" అంది. ఆవిడ పక్కన పడుకున్న ఎర్రకుక్క అంబలి తాగే పెరిగింది. అయితే అది అడవిలో ఎలకలనూ పడుతుంది కనుక అంబలి ఒక్కటే సంపూర్ణాహారమని అనుకోరాదు. బాగా ఉడికిన చోడి జావ అరగని కుక్కలు తక్కువ, చోళ్ళలో గ్లూటెన్ కూడా లేదు. విదేశీ సంచుల మీద ఇప్పుడు "ప్రాచీన ధాన్యాలు" అని గొప్పగా వేస్తున్నారు; ఆ లెక్కన చోళ్ళూ సామలూ పండే ఈ కొండలన్నీ ప్రాచీనమే. అయినా పాఠం గ్రాహ్యం కాదు. "చో"కు "ప"తో యతి చెల్లదు. పైగా చోడి పిండికి పసిడినంతా తినేంత ఖరీదు లేదు, అర్థం పొసగదు.

"ఆలు పిండి" అని మరొక పాఠం. బంగాళాదుంప సంచుల్లో నిజంగానే ఉంటుంది కనుక శాస్త్రం ఒప్పుకుంటుంది. యతి మాత్రం ఒప్పుకోదు. కావాలనుకున్నవారు "ఆలు పిండి తినును ఆస్తినెల్ల" అని దిద్దుకోవచ్చు. యతి కుదిరింది, సంధి చేస్తే గణం చెడుతుంది కనుక విసంధిగా వదిలాం. వైయాకరణులు క్షమింతురు గాక.