అట్ట మీద పేరు మారినా

నేను గ్రామీణ బ్యాంకు పాస్‌బుక్‌ను. వరంగల్ జిల్లాలో నా అట్ట మీద మొదట కాకతీయ గ్రామీణ బ్యాంకు అని ఉండేది. 2006 మార్చి 31న కాకతీయతో పాటు మంజీర, నాగార్జున, సంగమేశ్వర, శ్రీ విశాఖ బ్యాంకులను కలిపి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు ఏర్పాటు చేశారు. దాని ప్రధాన కార్యాలయం వరంగల్‌లోనే ఉండేది. శ్రీకాకుళం నుంచి మహబూబ్‌నగర్ దాకా పల్లెల లెక్కలు ఈ ఊరికి వచ్చేవి. 2025 జనవరి 1 నుంచి ఆ బ్యాంకు తెలంగాణ శాఖలన్నీ తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి, ప్రధాన కార్యాలయం హైదరాబాద్ అయింది. ఇన్నిసార్లు అట్ట మారినా లోపలి గళ్లు అవే: తేదీ, వివరం, జమ, ఖర్చు, నిల్వ. స్టేట్ బ్యాంకు పాస్‌బుక్‌లోనూ, జిల్లా సహకార కేంద్ర బ్యాంకు పాస్‌బుక్‌లోనూ అవే గళ్లు కనిపిస్తాయి. అందుకే ఏ బ్యాంకయితే ఏముంది, అన్నీ ఒకటే కదా అనేవాళ్లు ఎక్కువ. నేను ఆ మాట ఒప్పుకోను. డబ్బు దాచిపెట్టడంలో బ్యాంకులు దాదాపు ఒకలాగే ఉంటాయి. అప్పు ఇచ్చేముందు మనిషి దగ్గర దేన్ని చూసి నమ్ముతుందో, అదే ఒక బ్యాంకును మరో బ్యాంకు నుంచి వేరు చేస్తుంది.

దాచుకునే సంగతి త్వరగా తేలిపోతుంది. వాణిజ్య బ్యాంకయినా, గ్రామీణ బ్యాంకయినా, సహకార బ్యాంకయినా ఒక్కో డిపాజిటుదారుకు 2020 నుంచి 5 లక్షల రూపాయల దాకా బీమా ఉంది. (పల్లెలోని ప్రాథమిక సహకార సంఘంలో, అంటే మన సొసైటీలో, దాచిన డబ్బుకు ఆ బీమా వర్తించదు. ఇది ప్రతి సభ్యుడికీ తెలిసి ఉండాలి.) పింఛను, ఉపాధి హామీ కూలి, గ్యాస్ రాయితీ ఏ ఖాతాలోనైనా పడతాయి. ఇప్పుడు ఫోనులోనే అన్నీ అయిపోతున్నాయి, బ్యాంకుల్లో ఇన్ని రకాలెందుకని అడుగుతారు. ఫోను చేసేది ఉన్న డబ్బును ఒకచోటి నుంచి మరోచోటికి పంపడం. పోస్టాఫీసు నడిపే ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ఇంటి గుమ్మం దాకా వచ్చి డబ్బు ఇస్తుంది, తీసుకుంటుంది. కానీ పేమెంట్స్ బ్యాంకు రోజు ముగిసేసరికి ఖాతాలో 2 లక్షలకు మించి ఉంచుకోకూడదు, సొంతంగా అప్పు అసలే ఇవ్వకూడదు. జూన్‌లో వాన పడ్డాక విత్తనానికి చేతిలో డబ్బు లేని రైతుకు దాంతో పని జరగదు.

ఆ రైతుకు అప్పు ఎవరు ఇవ్వాలన్న ప్రశ్నకు ఈ దేశం ఒక్కసారిగా జవాబు చెప్పలేదు. హైదరాబాద్ స్టేట్ బ్యాంకు 1942లో గన్‌ఫౌండ్రీలో మొదలైంది, నిజాం సంస్థానపు కరెన్సీ అయిన ఉస్మానియా సిక్కా లెక్కలు చూసింది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. ఇవి జీతం చీటీ, దుకాణం లెక్కలు, ఇంటి కాగితాలు చూసి నమ్మిన బ్యాంకులు. 1969లో 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసి పల్లెలకు పొమ్మన్నారు. శాఖలయితే వెళ్లాయి. సన్నకారు రైతు, కూలి, చేతివృత్తివాడు మాత్రం బల్లకు అవతలే నిలబడ్డారు. 1975లో నరసింహం బృందం సిఫారసు మీద నా జాతి పుట్టింది అందుకే. పెట్టుబడిలో కేంద్రానిది 50 శాతం, రాష్ట్రానిది 15 శాతం, ప్రాయోజక బ్యాంకుది 35 శాతం. వరంగల్‌లో ఆ ప్రాయోజక బ్యాంకు స్టేట్ బ్యాంకు. వాణిజ్య బ్యాంకు తన రుణాల్లో 40 శాతం ప్రాధాన్య రంగాలకు ఇస్తే చాలు, గ్రామీణ బ్యాంకు 75 శాతం ఇవ్వాలి. రెండు సంస్థల పుట్టుకలో ఉన్న తేడా ఈ ఒక్క నిబంధనలో కనిపిస్తుంది.

సహకార బ్యాంకు నమ్మేది మరోదాన్ని. ఊళ్లో సొసైటీ, జిల్లాలో కేంద్ర బ్యాంకు, హైదరాబాద్‌లో అపెక్స్ బ్యాంకు అనే మూడంచెల్లో అడుగున ఉన్నది రైతు వాటాధనం. ఇప్పటి హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలంలోని ముల్కనూరు సొసైటీని 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి స్థాపించారు. అది పంటకు అప్పు ఇస్తుంది, విత్తనం, ఎరువు ఇస్తుంది, పండిన పంటను తనే కొంటుంది, పంట డబ్బులో బాకీ పట్టుకుంటుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో అడ్తిదారు చేసేదీ పైకి ఇదే: ముందు పైకం ఇచ్చి, పత్తి బండి తన దుకాణం ముందుకే రావాలంటాడు. తేడా అంతా లాభం ఎవరిదన్న దగ్గర ఉంది. ముల్కనూరులో మిగులు సభ్యుడిది, అడ్తిలో నూటికి రెండు రూపాయల మిత్తి షావుకారుది. సొసైటీలు రాజకీయాల చేతిలో పాడయ్యాయని అంటారు. చాలాచోట్ల అది నిజమే. అయితే ముల్కనూరు అదే ప్రాంతంలో, అదే వాన మీద ఆధారపడి నిలబడింది కనుక జబ్బు సహకార పద్ధతిదని చెప్పలేం.

మహిళా సంఘాల విషయంలో నా మాటకు బలమైన సాక్ష్యం దొరుకుతుంది. నాబార్డు 1992లో సంఘాలను బ్యాంకులతో కలపడం మొదలుపెట్టాక, భూమి లేని ఆడవాళ్లకు బ్యాంకు అప్పు అందింది. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి చెల్లింపు, లెక్కల పుస్తకం అనే పంచసూత్రాలే వాళ్ల పూచీ. అక్కడ పాస్‌బుక్ సొంత ఆస్తితో సమానం. ప్రైవేటు మైక్రోఫైనాన్స్ కంపెనీలూ అలాంటి గుంపులకే అప్పులిచ్చాయి. కాకపోతే అవి చూసింది ఏళ్ల పొదుపును కాదు, వారం వారం వాయిదా కట్టకపోతే పక్కింటివాళ్లు పెట్టే ఒత్తిడిని. ఆ ఒత్తిడి ప్రాణాల మీదికి వచ్చి, 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. అప్పు తీసుకున్నది అదే వాడకట్టు ఆడవాళ్లే అయినా, ఇచ్చేవాడు దేన్ని నమ్ముకున్నాడన్న దాన్నిబట్టి ఫలితం అంత వేరైంది.

ఇక్కడ నన్ను గట్టిగా నిలదీసే ప్రశ్న ఒకటుంది. 1997-98లో వరంగల్ పత్తిని పురుగు తినేసి, రైతులు పురుగుమందు తాగి చనిపోతున్నప్పుడు ఈ జిల్లాలో జాతీయ బ్యాంకులున్నాయి, సహకార బ్యాంకు ఉంది, కాకతీయ గ్రామీణ బ్యాంకూ ఉంది. మరి ఇన్ని రకాలు ఉండి ఏం లాభం? ఆ రైతుల్లో చాలామంది బాకీ విత్తనాలు, మందులు అమ్మే దుకాణాల దగ్గరే ఉంది. నాసిరకం మందు అంటగట్టినవాడే అప్పు ఇచ్చినవాడు. రైతు బ్యాంకు మెట్లెక్కకపోవడానికి పెద్ద కారణం పట్టా. కౌలుకు దున్నేవాడి పేర పట్టాదారు పాస్‌బుక్ ఉండదు, అది లేకుండా బ్యాంకులు పంట రుణం ఇవ్వడం అరుదు. బ్యాంకుల పేర్లు వేరయినా అందరూ ఒకే కాగితం అడిగారు కనుక, ఆ రైతు ముందు నిలిచినది నిజానికి ఒకే రకం బ్యాంకు. 2011లో ఉమ్మడి రాష్ట్రం కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం చేసింది. సమస్య ఎక్కడుందో సర్కారుకు తెలుసనడానికి అదే రుజువు. కౌలు ఒప్పుకుంటే భూమి పోతుందని యజమానులు భయపడటం, పట్టా మీద ఒక అప్పు ఉండగా అదే చేను మీద రెండో అప్పుకు మేనేజర్లు జంకడం ఆ చట్టాన్ని కాగితం మీదే ఉంచాయి.

విలీనాలను సమర్థించేవాళ్ల వాదన కొట్టిపారేయదగింది కాదు. 196 గ్రామీణ బ్యాంకులున్న రోజుల్లో చాలావాటికి నష్టాలే. తక్కువ ఖర్చుతో నడవాలన్న మొదటి ఆలోచన, 1990లో జస్టిస్ ఓబుల్ రెడ్డి ట్రిబ్యునల్ సిబ్బందికి వాణిజ్య బ్యాంకుల జీతం న్యాయమని తేల్చాక చెల్లలేదు. ఆ తీర్పు సరైనదే, పల్లెలో పనిచేసే గుమస్తా చవకగా దొరకాలనుకోవడం తప్పు. ఒక్క జిల్లాకే పరిమితమైన బ్యాంకును ఒక్క కరువు ముంచుతుంది, పెద్ద బ్యాంకు తట్టుకుంటుంది. ఇప్పుడు దేశంలో 28 గ్రామీణ బ్యాంకులే మిగిలాయి. మూలధనం, కంప్యూటర్లు, ఖాతా భద్రత ఒకచోట చేరడం మంచిదే. అప్పు నిర్ణయం కూడా అక్కడికే వెళ్తే, నర్సంపేట మిర్చి చేను కౌలుకు చేస్తున్నది ఎవరో తెలిసిన ఫీల్డ్ ఆఫీసరు మాటకు విలువ పోతుంది. అప్పుడు గ్రామీణ బ్యాంకు కూడా జీతం చీటీ, బంగారం చూసి అప్పిచ్చే చిన్న వాణిజ్య బ్యాంకుగా మారుతుంది. బంగారం మీద అప్పు తేలిక, దానికి ఊరు తెలియనక్కర్లేదు. అందుకే తెలంగాణ గ్రామీణ బ్యాంకు ఏటా మండలాలవారీగా ఒక లెక్క ప్రకటించాలి: పంట రుణాల్లో పట్టా లేనివాళ్లకు ఇచ్చినవెన్ని, బంగారం తాకట్టు లేకుండా ఇచ్చినవెన్ని, మేనేజరు వెనక్కి పంపిన దరఖాస్తులెన్ని, ఏ కారణంతో. వరంగల్ జిల్లాకు సంబంధించిన పట్టికను ఎనుమాముల యార్డు గేటు దగ్గర, అడ్తి దుకాణాలకు ఎదురుగా అంటించాలి.