ధర కోసం ఇన్‌బాక్స్‌లోకి రండి

గాలపు కర్రలు ఆర్డరు మీద కట్టే కుర్రాడు ఒకడున్నాడనుకోండి. వాడిది తెనాలి కావచ్చు, బాపట్ల కావచ్చు, రైలుపట్టాలు అయిపోయే రేపల్లె అయినా కావచ్చు. పేరు అక్కర్లేదు. చేతిలో పనుండి నోట్లో ధర లేని ప్రతివాడూ వాడే.

పనిలో వంక పెట్టడానికి లేదు. ఉత్త కార్బన్ కర్రని, అంటే బ్లాంకుని, నేలకానించి వంచి వెన్ను ఎటుందో పట్టుకుంటాడు. దారం జారే గైడ్లు జపాన్‌వి తెప్పిస్తాడు. వాటి కాళ్లని పోగు పక్కన పోగు పడేలా చుడతాడు. పైన ఎపాక్సీ పూసి, అది ఒక పక్కకి కారిపోకుండా చిన్న మోటారు మీద రాత్రంతా తిప్పుతాడు. తెల్లారాక రెండో పూత, మళ్లీ ఇంకో రాత్రి. పట్టుకునేవాడి ముంజేయి కొలిచి పిడి అమరుస్తాడు. కొల్లూరు లంకల్లో కొర్రమీనుకి ఒక రకం, నిజాంపట్నం మొగలో పండుగప్పకి ఒక రకం, సూర్యలంకలో అలల అవతలికి విసరడానికి పన్నెండడుగులది ఇంకో రకం. ఇంతవరకూ చేతులెత్తి దణ్ణం పెట్టొచ్చు.

ఇంతలో హైదరాబాదు నుంచి బావ వస్తాడు. "ఈ రోజుల్లో సైటు లేకుండా ఏంట్రా వ్యాపారం?" అంటాడు. అప్పటిదాకా నోటి మాట మీద నెలకి నాలుగు రాడ్లు అమ్ముకుంటున్నవాడు ఆ రాత్రి నుంచి అంతర్జాతీయ సంస్థ అధినేత.

సైటులో అన్నిటికంటే ముందు పుట్టేది లోగో. నల్లటి నేపథ్యం, బంగారు గద్ద. తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటారు కాబట్టి పేరులో ప్యారిస్ ఉండి తీరాలి. లోగో కింద "ఇండియాలో తొలిసారి" అని ఒక ముక్క. ఏది తొలిసారో ఎవరికీ తెలీదు. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ "ది రాడ్ ఇన్ ఇండియా" అని లావుపాటి పుస్తకం అచ్చు వేయించింది 1873లో. అది చాలక చెరువుల్లో గాలంవేట మీద ప్రత్యేకంగా మరో పుస్తకం రాశాడు. అప్పటికి మన గుంటూరు ప్రాంతం కూడా ఆ మద్రాసు కిందే ఉండేది. నూట యాభై ఏళ్లు ఆలస్యంగా వచ్చి తొలిసారి అనడానికి కూడా ఒక ధైర్యం కావాలి. ఆ ధైర్యం వీడికుంది. మిగతా చోట్ల ఎందుకు లేదన్నదే నా గొడవ.

లోగో దాటాక తెర నిండా ఒక బొమ్మ. వెనకాల మంచుకొండ, ముందు ఎర్రగడ్డం తెల్లాయన, ఆయన చేతుల్లో ట్రౌటు. మనకి ట్రౌటు కావాలంటే ఏ నీలగిరులకో పోవాలి, అక్కడిది కూడా దొరలు తెచ్చి వదిలిందే. తెనాలి ఊళ్లోంచి మూడు కాలవలు పారుతున్నాయి. వాటి గట్టు మీద ఈ కుర్రాడు కట్టిన రాడ్డుతో ఈ ఊరివాడు పట్టిన కొర్రమీను ఫొటో ఫోనులో పడి ఉంది. అది పెట్టడు. వెనకాల గేదె పడిందట, ప్రొఫెషనల్‌గా ఉండదట! చలిదేశపు చేపని చూపించి కృష్ణా డెల్టాలో రాడ్లమ్మేవాడికి ఆ గేదెకున్నపాటి స్థానిక జ్ఞానం కూడా లేదు.

"మా గురించి" అనే పేజీ తెరవండి. ప్యాషన్ ఉంది, విజన్ ఉంది, మిషన్ ఉంది, ఎక్సలెన్స్ మూడుసార్లుంది. మనిషి పేరు లేదు. వీధి పేరు లేదు. తెనాలి నుంచి రేపల్లె పోయే దారిలో భట్టిప్రోలు తగులుతుంది. అక్కడి స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు బయటపడ్డ ధాతు కరండాల మీద దాతల పేర్లు, గోష్ఠి సభ్యుల పేర్లు వరసగా చెక్కి ఉన్నాయి. రెండు వేల ఏళ్ల పైచిలుకు కిందట, నేలలో పాతిపెట్టే రాతిపెట్టె మీద కూడా పేరు రాసుకున్నారు ఈ గడ్డవాళ్లు. ప్రపంచమంతా చూడాలని పెట్టిన సైటులో వీడు పేరు దాచుకున్నాడు. ఇక షరతులూ నిబంధనలూ అంటారా, ఎక్కడి నుంచో ఎత్తుకొచ్చినవి. తగాదా వస్తే కాలిఫోర్నియా కోర్టులోనే తేల్చుకోవాలట. రేపల్లె కొనుగోలుదారుడికి తెనాలి కోర్టుకి రావడానికే బస్సు కుదరదు.

ఇవన్నీ క్షమించొచ్చు. వయసు, ఉత్సాహం, బావ. క్షమించలేనిది ఒక్కటే. సైటంతా గాలించండి, ఎక్కడా ధర ఉండదు. రాడ్డు బొమ్మ కింద ధర ఉండాల్సిన చోట "ధర కోసం ఇన్‌బాక్స్‌లోకి రండి" అని ఉంటుంది.

ఎందుకయ్యా దాస్తున్నావంటే మూడు కారణాలు చెబుతాడు. ఒకటి, పోటీవాళ్లు చూస్తారట. చేతితో రాడ్లు కట్టేవాళ్లు ఈ మూడూళ్లలో వీధికొకరు ఉన్నట్టు! రెండు, చుట్టాలు చూస్తారట. ఇది నిజమైన భయం. ధర కనబడితే "మనవాళ్ల దగ్గర కూడా ఇంతేనా?" అంటారు, కనబడకపోతే ఊరికే ఇమ్మంటారు. మూడు, ధర చూస్తే కొనేవాడు పారిపోతాడట. చూడకపోతే అసలు రాడు కదా నాయనా! ఇన్‌బాక్సులోకి వచ్చి "హౌ మచ్ బ్రో" అని అడిగినవాడికి నువ్వు పొద్దున్న ఒక ధర, సాయంత్రం ఒక ధర చెబుతావు. అలా అడిగిన ఇద్దరు స్నేహితులు ఒకచోట టీ తాగుతూ ఆ రెండు ధరలూ పోల్చుకుంటారు. అంతటితో నీ బ్రాండు ఆ టీకొట్టు దగ్గరే ముగుస్తుంది.

ఇంగ్లండులో ఆనిక్ అనే చిన్న ఊరుంది. 1872లో అక్కడ తుపాకుల దుకాణంతో మొదలైన హార్డీ సోదరులు తర్వాత గాలపు రాడ్లలోకి దిగారు. యాంగ్లర్స్ గైడ్ పేరుతో కేటలాగు అచ్చువేసి, ఏ రాడ్డు ఎంతో అందులో రాసి పోస్టులో ఊరూరికీ పంపారు. వాళ్లకి ఇంటర్నెట్టు లేదు, ఇన్‌బాక్సు లేదు, బావ లేడు. ధర రాయడానికి సిగ్గు కూడా లేదు.

మనవాడి అసలు జబ్బు సిగ్గు. ధర దాచడానికి కారణం తెలివి అనుకుంటున్నాడు గానీ, తన చేతిపనికి డబ్బడగడానికి మొహం చెల్లకపోవడం అది. నమ్మకం లేకపోతే లెక్క వేద్దాం రండి. బ్లాంకు 2,400 అనుకోండి. గైడ్లు 900, రీలు సీటు 350, కార్కు పిడి 450, దారమూ ఎపాక్సీ 200. సరుకు మొత్తం 4,300. పని పది గంటలు. ఎండలో ఇటుక పేర్చే తాపీమేస్త్రికి ఎనిమిది గంటలకి వెయ్యి రూపాయలిచ్చేవాళ్లు వీడికి పది గంటలకి 1,250 ఇవ్వలేరా? అక్కడికి 5,550. విరగకుండా పీవీసీ గొట్టం, కొరియరు కలిపి 500. కొరియరువాడి త్రాసు మీద రాడ్డు రెండు వందల గ్రాములే. కానీ వాడు త్రాసు చూడడు, టేపు చూస్తాడు. నూట పది సెంటీమీటర్ల పొడవు, పది వెడల్పు, పది ఎత్తు గుణించి అయిదు వేలతో భాగిస్తే 2.2 కిలోలు. మనం డబ్బు కట్టేది ఆ గొట్టంలోని గాలికి. చెడిపోయే సరుకు కింద 250, కరెంటు, అద్దె, సైటు ఖర్చు కింద 400. మొత్తం 6,700. వెయ్యి లాభం, కార్డు చెల్లింపుల కమీషను వేసుకుంటే పన్ను కాకుండా 7,900 దగ్గర తేలుతుంది. ఇది అత్యాశ కాదు, బతుకు.

మనవాడు రాయక రాయక రాసిన ధర ఎంతో తెలుసా? పండగ ఆఫరులో 9,999 కొట్టేసి పక్కన 4,999. ఆ 9,999కి భూప్రపంచంలో ఎవరికీ ఒక్కటీ అమ్మలేదు. ఇక మిత్రులకి అయిదు వందలు తగ్గింపు, పైగా డెలివరీ ఉచితం. వచ్చింది 4,499. కమీషను పోను 4,400. సరుకు 4,300, గొట్టమూ కొరియరూ 500. అంటే రెండు రాత్రులు మోటారు పక్కన కాపలా కాసి, రాడ్డు కట్టి, ప్రతి గిరాకీ చేతిలో నాలుగు వందలు ఎదురు పెట్టి పంపుతున్నాడు. కూలి లెక్క అసలు ముట్టుకోనేలేదు. "ఇంట్లో కూర్చుని చేసుకునే పనేగా" అంటాడు. ఆర్డర్లు పదయితే నాలుగు వేలు పోతాయి, వందయితే నలభై వేలు. దీన్ని బావ భాషలో స్కేలింగ్ అంటారు. అదే బావ సైటు కట్టిన మనిషికి మాత్రం నలభై వేలూ ముందుగానే, బేరం లేకుండా ఇప్పించాడు. వెయ్యి రూపాయల లోపు దొరికే డాట్ ఇన్ పేరు అందులోనే ఉచితమట!

ఇప్పుడు సర్కారు వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవాడికి ఏడాదికి 40 లక్షల అమ్మకం దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదని మనవాడు విని ఉన్నాడు. మొదటి ఆర్డరు హైదరాబాదులోని మేనల్లుడి దగ్గర్నుంచే వస్తుంది. 2014 జూన్ 2 నుంచి హైదరాబాదు పొరుగు రాష్ట్రం. రాష్ట్రం దాటి పన్ను పడే సరుకు పంపితే ఒక్క రాడ్డుకైనా రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. మేనల్లుడికి గాలం పంపబోయి మేనమామే చిక్కుకున్నాడు.

2020లో వచ్చిన ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాలు ఇంకా రుచిగా ఉంటాయి. సైటు నడిపే సంస్థ ఫిర్యాదుల అధికారిని నియమించాలి. ఆయన 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి. సంస్థ అంటే వీడే. కట్టేదీ వీడే, గొట్టంలో పెట్టేదీ వీడే, రసీదు రాసేదీ వీడే. ఫిర్యాదుల అధికారి హోదాలో కుర్చీలో కూచుని, కార్మికుడి హోదాలో నిలబడి, తనని తాను సంజాయిషీ అడుక్కోవాలి. నవ్వొస్తుంది. కానీ ఆ నియమాల్లో ఇంకో మాట కూడా ఉంది. మొత్తం ధర ఒకే అంకెలో చూపాలి, దాని కింద విడివిడి లెక్క చూపాలి. ఢిల్లీలో కూర్చున్న గుమాస్తాకి తెలిసిన వ్యాపారసూత్రం బోసురోడ్డు మీద పుట్టి పెరిగినవాడికి తెలియకపోవడం తెనాలికి అప్రతిష్ఠ.

ఆగండి, కుర్రాణ్ని తిట్టి వదిలేస్తే మనం తప్పించుకున్నట్టే. వాడికి ఆ సిగ్గు నేర్పింది మనం. "కర్రకి ఏడు వేలా? మా తాత వెదురుకర్రకి బెండు కట్టి, ఎర్ర గుచ్చి బుట్టెడు పట్టేవాడు" అంటాడు ఒక పెద్దమనిషి. పట్టుంటాడు. వెదురుకర్ర మంచిదే, నిక్షేపంలా కొనుక్కోండి బాబూ, ఎవరొద్దన్నారు? ఈ మాటన్నాయన జేబులో వాయిదాల మీద కొన్న లక్ష రూపాయల ఫోనుంది. అది కొన్నప్పుడు "ఓ ఇరవై వేలు తగ్గించు" అని అడగడానికి నోరు లేవలేదు. అదే నోరు చీరాలలో నేతగాడి ఇంటికెళ్లి చీర ధర సగానికి అడుగుతుంది. ఎదురుగా యంత్రం ఉంటే చెప్పినంత ఇస్తాం, చేతులుంటే బేరం మొదలెడతాం. ఆన్‌లైన్లో ఏడు వందలకి రీలుతో సహా వచ్చే మడత రాడ్డు కొని, మొదటి పెద్ద చేపకే అది రెండయితే, అప్పుడు ఈ కుర్రాడి దగ్గరికే పట్టుకొస్తాం. "కాస్త అతికించి పెట్టు తమ్ముడూ, నీకదెంత పని!" డబ్బుల మాట ఎత్తం. వాడూ ఎత్తడు. ఇద్దరం సంస్కారవంతులం.

కాబట్టి అబ్బాయ్, నలభై వేల సైటు మూసెయ్. ఒక్క పేజీ చాలు, తెలుగులో. పైన నీ పేరు, నీ వీధి, నీ ఫోను. కింద మూడు రాడ్లు: కాలవది, మొగది, సముద్రానిది. ఒక్కోదాని పక్కన ఒక్క ధర, కొట్టివేతలు లేకుండా. ఎన్ని రోజుల్లో ఇస్తావో, సగం బయానా ఎప్పుడు కట్టాలో రాయి. గైడు ఊడితే నీ పూచీ, కారు తలుపులో పడి నలిగితే వాళ్ల పూచీ అని రాయి. గేదె ఉన్న ఫొటోయే పెట్టు. చుట్టాలకి తగ్గించాలనిపిస్తే తగ్గించు, ఎంత తగ్గించావో చీటీ మీద రాసి మరీ ఇవ్వు. ఉచితంగా తీసుకున్నది ఎంతదో వాళ్లకి తెలియాలి.

7,900 అని రాశాక పది మందిలో తొమ్మిది మంది వెళ్లిపోతారు. పోనీ. ఆ తొమ్మిది మందికీ మనిషికి నాలుగు వందల చొప్పున ఎదురిస్తూ వచ్చావు ఇన్నాళ్లూ, ఆ 3,600 మిగులుతాయి. నీ వ్యాపారంలో నీకు మొదటిసారి కళ్లబడే లాభం అదే.